పిలవని నెలలు కూడా లెక్కలోకి రావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మా ఇంట్లో బీరువా మీద ఒక నల్ల ట్రంకు పెట్టె ఉంటుంది. మూత మీద తెల్ల పెయింటుతో మా ఆయన నంబరు, పేరు, యూనిట్ రాసి ఉంటాయి. పెట్టె కిందికి దిగితే నాన్నకు పిలుపొచ్చినట్టు, పైకెక్కితే జీతం ఆగినట్టు అని మా ఏడేళ్ల పాప కూడా చెప్పేస్తుంది. ఆయన టెరిటోరియల్ ఆర్మీ (టీఏ)లో సిపాయి.

ఆ పేరు వినగానే చాలామందికి ధోనీ గుర్తొస్తాడు. 2011లో ఆయనకు అందులో గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చారు. అంతకు మించి మన ఊళ్లలో తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి కాస్త చెప్తాను. 1948లో చట్టం చేశారు, 1949 అక్టోబరు 9న రాజాజీ చేతుల మీదుగా ఈ సైన్యం మొదలైంది. 18 నుంచి 42 ఏళ్ల మధ్యవాళ్లు చేరొచ్చు. బయట తమ పని తాము చేసుకుంటూ ఏడాదికి రెండు నెలలు శిక్షణకు వెళ్లాలి, అవసరమని పిలిస్తే పంపేదాకా డ్యూటీ చేయాలి. డ్యూటీలోకి తీసుకుంటే ఎంబాడీ చేశారంటారు, ఇంటికి పంపితే డిస్‌ఎంబాడీ. ఎంబాడీ అయిన రోజుల్లో జీతానికి వంక పెట్టలేను. రెగ్యులర్ సిపాయికిచ్చినట్టే ఏడో వేతన సంఘం లెక్కన 21,700 బేసిక్‌తో మొదలు, 5,200 మిలిటరీ సర్వీస్ పే, డీఏ అన్నీ ఇస్తారు. డిస్‌ఎంబాడీ అయిన మర్నాటి నుంచి ఒక్క రూపాయి రాదు.

ప్రభుత్వ ఉద్యోగం ఉన్నవాళ్లకు ఇది పెద్ద కష్టం కాదు, వాళ్ల కుర్చీ వాళ్లకుంటుంది. మాలాంటి వాళ్ల సంగతి వేరు. కిందటిసారి ఇంటికొచ్చినప్పుడు మా ఆయన ఒక గోడౌన్‌లో సెక్యూరిటీ పని అడిగారు. తుపాకీ పట్టినవాడు కదా అని గోడౌన్ వాళ్లు ముందు సంబరపడ్డారు. "మళ్లీ పిలిస్తే ఏం చేస్తావు?" అని అడిగారు. వెళ్లాల్సిందే అన్నారు ఈయన. అంతే, ఇంకొకళ్లను పెట్టుకున్నారు. అద్దె ఆటో తోలుతూ ఏడు నెలలు గడిపాం. ఇంటి లోన్ కోసం వెళ్తే బ్యాంకు ఆఫీసరు పే స్లిప్పులు తిరగేసి, "ఇది ఎన్నాళ్లు వస్తుంది?" అన్నాడు. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు.

డ్యూటీకి వెళ్లొచ్చినవాణ్ని పాత యజమాని మళ్లీ పనిలోకి తీసుకోవాలని టెరిటోరియల్ ఆర్మీ చట్టంలో 7ఏ సెక్షన్ ఉంది. తీసుకోకపోతే ఆరు నెలల జీతం మించకుండా పరిహారం కట్టించవచ్చట. అసలు పనిలోనే పెట్టుకోనివాడి మీద ఈ సెక్షన్ ఏం చేయగలదు?

జీతం ఒక బాధ అయితే ర్యాంకు ఇంకో బాధ. మా ఆయన చేరి పదకొండేళ్లయింది. అదే ఏడాది రెగ్యులర్ ఆర్మీలో చేరిన ఆయన చిన్ననాటి స్నేహితుడు ఇప్పుడు హవల్దార్. మా ఆయన ఇంకా సిపాయే. సర్వీసు కాగితాలు నేల మీద పరిచి, ఒక్కో ఎంబాడీ తేదీ నోట్‌బుక్‌లో రాసుకుని డ్యూటీ కాలమంతా నేనే లెక్కగట్టాను. పదకొండేళ్లకు మొత్తం తేలింది నాలుగేళ్ల ఏడు నెలలు. జవానుకు పెన్షన్ రావాలంటే ఎంబాడీ అయిన సర్వీసే పదిహేనేళ్లు ఉండాలి. ఇదే నడకన పోతే దానికి 36 ఏళ్లు పడుతుంది. పాతికేళ్ల వయసులో చేరిన మనిషికి అప్పటికి అరవై దాటిపోతాయి, అంతవరకు ఉంచరు కదా. గాయపడితేనో శౌర్య పతకం వస్తేనో తప్ప, పెన్షన్ లేకుండా బయటికొస్తే మాజీ సైనికుడి కోటా కూడా వర్తించదు.

పిలవకపోవడం ఆయన తప్పా? నాకు మింగుడు పడనిది అదే.

ఇది పార్ట్ టైమ్ అని తెలిసే సంతకం పెట్టారు కదా అంటారు. పెట్టారు, కాదనను. ఆ సంతకానికి ఎంత బరువు ఉండాలో సుప్రీంకోర్టు 2021 డిసెంబరులో చెప్పింది. అడవులు పెంచే ఎకలాజికల్ టాస్క్ ఫోర్సులో పనిచేస్తున్న కాలంలో కాలు పోగొట్టుకున్న టీఏ జవానుకు, ఇది రాదని ఒప్పుకుని నువ్వు ముందే రాసిచ్చావు అంటూ వికలాంగ పెన్షన్ ఇవ్వలేదు. బలమున్నవాళ్లు బలం లేనివాడి చేత పెట్టించిన షరతు చెల్లదని కోర్టు పెన్షన్ ఇప్పించింది.

డ్యూటీ దగ్గర పార్ట్ టైమ్ అంటూ ఏమీ ఉండదు. 2022 జూన్ 30న మణిపూర్‌లోని తుపుల్ దగ్గర రైల్వే లైను పనులకు కాపలాగా ఉన్న 107 టీఏ బెటాలియన్ క్యాంపు మీద కొండ విరిగిపడి పాతిక మందికి పైగా జవాన్లు చనిపోయారు. అది మా ఆయన యూనిట్ కాదు. అయినా ఆ రాత్రి ఆయన ఫోన్ కలిసేదాకా నేను పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. 2025 మేలో పాకిస్తాన్‌తో ఉద్రిక్తత పెరిగినప్పుడు, ఉన్న 32 ఇన్‌ఫెంట్రీ బెటాలియన్లలో 14ను రంగంలోకి దించేందుకు కేంద్రం ఆర్మీ చీఫ్‌కు అధికారం ఇచ్చింది. పిలిస్తే వచ్చే మనిషి సిద్ధంగా ఉండబట్టే కదా ఆ ఉత్తర్వు కాగితం దాటి కదిలేది.

డల్లాస్‌లో ఉన్న మా పెదనాన్న కొడుకుని అడిగితే అక్కడి రిజర్వు సైనికుల పద్ధతి చెప్పాడు. నెలలో ఒక శని, ఆదివారాలు డ్రిల్‌కు వెళ్తే నాలుగు రోజుల జీతం ఇస్తారట. పెన్షన్‌కు పాయింట్ల లెక్క ఉంటుంది. రిజర్వులో పేరున్నందుకే ఏడాదికి 15 పాయింట్లు పడతాయి, ఏడాదికి 50 చొప్పున ఇరవై ఏళ్లు వస్తే పెన్షన్. అంత డబ్బు మన దగ్గర ఉందా అంటే, అంతే ఇమ్మని నేను అడగడం లేదు.

డిస్‌ఎంబాడీ అయిన నెలల్లో బేసిక్‌లో ఎంతో కొంత వంతు ఇవ్వండి. పిలుపు కోసం సిద్ధంగా ఉన్న ఏళ్లను ప్రమోషన్ సీనియారిటీకీ పెన్షన్‌కూ సగమైనా కలపండి. టీఏ జవానుకు పని ఇచ్చిన చిన్న యజమానికి, ఆ మనిషి డ్యూటీకి వెళ్లినప్పుడు నష్టం రాకుండా ఏదైనా రాయితీ ఇవ్వండి, అప్పుడు గోడౌన్ వాళ్లు కూడా వెనక్కి పంపరు. రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలూ రక్షణ మంత్రిని పార్లమెంటులో ఒక్క ప్రశ్న అడగాలి: టీఏలో పదేళ్లు దాటినా సిపాయిగానే ఉన్నవాళ్లు ఎంతమంది, అందులో పెన్షన్‌కు చేరేది ఎందరు? జవాబు వస్తే మీ పత్రికలో వేయండి. నా నోట్‌బుక్‌లో లెక్క పక్కన అతికించుకుంటాను.

– ఒక టీఏ జవాను భార్య,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా