ఎండాకులు కాల్చకండి, మాకివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారమండి. మాది పర్లాకిమిడి, 1936లో ఊరు ఒడిశాలోకి వెళ్లినా మా ఇంట్లో మాట తెలుగే, చదివేది మీ పేపరే. రథసప్తమికి రథం కోసం నాలుగు చిక్కుడుకాయలు కోసుకున్నామంటే ఇక ఆ పాదు పని అయిపోయినట్టే, తీగంతా నల్లగా పేనుబంక, ముట్టుకుంటే చేతికి జిగురు. అది పీకేసి మట్టి తిరగేసి ఓ పది రోజులు ఎండకి వదిలేసి, మాగిన పేడా గుప్పెడు వేపపిండీ కలిపి బీర, ఆనప పెడతాను, బెండ గింజలైతే రాత్రి నానబెడితే తొందరగా మొలుస్తాయి. పచ్చి పేడ వేశారో వేళ్లు మాడిపోతాయి, నేనోసారి అలాగే పది వంగ మొక్కలు పోగొట్టుకున్నాలెండి.

అసలు సంగతేంటంటే మా వీధిలో పొద్దున్నే ఊడ్చిన మామిడాకులు, పనసాకులు కుప్పేసి అగ్గి పెట్టేస్తున్నారు, ఆ పొగకి మా అత్తగారికి ఒకటే దగ్గు. అదే ఆకు పాదు మొదట్లో నాలుగు వేళ్ల మందాన పరిస్తే ఏప్రిల్ ఎండల్లో కూడా తడి తొందరగా ఆరదు, రెండుపూటలా బకెట్లు మోయక్కర్లేదు. గోనెసంచిలో కట్టి గేటు దగ్గర పెట్టండి, నేనే వచ్చి పట్టుకెళ్తాను. మీరు కూడా ఎప్పుడూ హైదరాబాద్ మేడల మీద కుండీలేనా, మా పెరళ్ల గురించి ఓ ముక్క వెయ్యండి.

- ఒక పాఠకురాలు, పర్లాకిమిడి