ల్యాప్‌టాప్ బ్యాటరీ గంటలకు నిజమైన లెక్క కావాలి

సంపాదకులకు,

కొత్త ల్యాప్‌టాప్ వస్తోందంటే చాలు, ప్రకటనల్లో ముందుగా కనిపించేది బ్యాటరీ గంటలే. ఇరవై గంటలని పెద్ద అక్షరాల్లో వేస్తారు. తెర వెలుగు తగ్గించి, ఒకే వీడియోను ఆపకుండా ఆడిస్తే వచ్చిన అంకె అదని మాత్రం అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. వీడియో ఆడించే పనికి చిప్‌లోనే ప్రత్యేక విభాగం ఉండటంతో ఆ పరీక్షలో కరెంటు చాలా తక్కువ ఖర్చవుతుంది. రోజంతా పత్రాలు, పట్టికలు, వీడియో సమావేశాలతో కుస్తీ పట్టేవారికి ఆ అంకెతో ఏం పని?

వాట్-అవర్ అంటే బ్యాటరీలో నిల్వ ఉండే శక్తికి కొలమానం. 60 వాట్-అవర్ల బ్యాటరీ 5 వాట్లు తీసుకునే పనికి 12 గంటలు వస్తుంది, 15 వాట్లు తీసుకునే పనికి 4 గంటలే. ఈ రెండు అంకెలూ డబ్బా మీద పక్కపక్కనే ముద్రించడానికి అభ్యంతరమేమిటి? పెద్ద బ్యాటరీ పెట్టమని అడగడానికీ హద్దుంది. విమానంలో ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకువెళ్లగలిగేది 100 వాట్-అవర్ల వరకే. కాబట్టి పొదుపు చిప్‌లో, తెరలో జరగాలి. అది సాధ్యమేనని 2020లో ఆపిల్ ఎం1 చిప్ నిరూపించింది.

మూత మూసి సంచిలో పెట్టినా లోలోపల మేలుకొని నెట్‌వర్క్‌ను పలకరిస్తూ, తీసేసరికి వేడెక్కి, సగం ఖాళీ అయిపోయే ల్యాప్‌టాప్‌ల సంగతీ చూడాలి. పూర్తిగా నిద్రపోయే పాత పద్ధతిని ఎంచుకునే వీలు మళ్లీ ఇస్తే చాలు. ఇలా వాడేవారికి కావలసింది పక్కన పెట్టి, కృత్రిమ మేధ కోసం 2024 నుంచి చాలా విండోస్ కీబోర్డుల మీద ప్రత్యేకంగా ఒక మీట వచ్చింది. దాన్ని అడిగినదెవరో!

అన్నిటికన్నా ముఖ్యం, బ్యాటరీని మార్చుకోగలగడం. లిథియం-అయాన్ బ్యాటరీ ఎంత జాగ్రత్తగా వాడినా అరుగుతుంది. మిగతా యంత్రం బాగానే ఉన్నా, జిగురుతో అతికించిన బ్యాటరీ ఒక్కటి చెడితే చాలామంది కొత్తది కొనేస్తారు. 2027 ఫిబ్రవరి నుంచి పరికరాల్లోని బ్యాటరీలను వాడేవారే తీసి మార్చుకునేలా ఉండాలని, కొన్ని మినహాయింపులతో, యూరోపియన్ యూనియన్ నిబంధన చెబుతోంది. అక్కడే 2025 జూన్ నుంచి ఫోన్ల లేబుల్ మీద ఒక చార్జింగు ఎంతసేపు వస్తుందో, ఎన్ని చార్జింగుల వరకు 80 శాతం సామర్థ్యం నిలుస్తుందో కూడా ఉంటోంది. ల్యాప్‌టాప్‌కూ అలాంటి లేబుల్ తప్పనిసరి చేయాలి.

ప్రభుత్వాలు కదిలేలోపు మీ పత్రిక చేయగలిగినదీ ఒకటుంది. ల్యాప్‌టాప్ సమీక్షల్లో కంపెనీ చెప్పిన గంటలను అలాగే అచ్చువేయకుండా, వాటి పక్కన మీరు కొలిచిన గంటలు కూడా వేయండి.

– ఒక పాఠకుడు