మందారాకు మీద కనిపించిన అక్షరం

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారములు.

మొక్క తన ఆహారాన్ని తానే తయారుచేసుకుంటుందని మన ఏడో తరగతి పిల్లలు తడుముకోకుండా అప్పజెప్పగలరు. ఆ మాట నిజమో కాదో వారే ఒక ఆకు మీద తేల్చుకోవాలన్న ఉద్దేశంతో, ఈ నెల మా సైన్సు టీచరుగారు కిరణజన్య సంయోగక్రియ ప్రయోగాన్ని వారి చేతనే చేయించారు. 1860వ దశకంలో జర్మనీకి చెందిన వృక్షశాస్త్రవేత్త జూలియస్ సాక్స్ చేసి చూపిన ప్రయోగం దాదాపు ఇదే. కుండీలోని మందార మొక్కను చీకటిగదిలో ఉంచి, ఆకుల్లో నిల్వ ఉన్న పిండిపదార్థం ఖర్చయిపోయాక, ఒక ఆకును తుంచకుండానే దానిలో కొంత భాగాన్ని రెండువైపులా నల్లకాగితంతో కప్పి, మొక్కను ఎండలో పెట్టాలి.

మొదటిసారి ప్రయోగం ఫలించలేదు. పిండి ఉన్న చోటును నల్లబరిచే అయోడిన్‌ను ఆకు మీద వేస్తే, కాగితం కప్పిన చోటు కూడా నల్లబడింది. అయినా కొందరు పిల్లలు పుస్తకంలో ఉన్న ఫలితాన్నే నోట్సులో రాసుకోగా, టీచరుగారు దాన్ని కొట్టివేయించి, కంటికి కనబడిందే రాయమన్నారు. అలా చేయించడమే సరైనదని నా అభిప్రాయం. ఎందుకిలా జరిగిందని పిల్లలే ఆరా తీస్తే, మొక్కను ఒక్క రాత్రే చీకట్లో ఉంచామని, పాత పిండి ఆకులోనే మిగిలిపోయిందని తేలింది.

రెండోసారి రెండు పగళ్లు, రెండు రాత్రులు ఉంచారు. ఒక అమ్మాయి నల్లకాగితాన్ని ‘అ’ ఆకారంలో రెండు ముక్కలుగా కత్తిరించి, ఆకుకు పైనా కిందా ఒకదానికొకటి సరిపోయేలా అంటించింది. సాయంత్రం ఆ ఆకును కోసి, మరిగే నీళ్లలో ముంచి, తర్వాత వేడినీళ్ల గిన్నెలో నిలిపిన స్పిరిట్‌లో ఉంచితే, పత్రహరితమంతా దిగి స్పిరిట్ ఆకుపచ్చగా మారింది. ఆకు పాలిపోయి, పట్టుకుంటే విరిగేలా పెళుసెక్కింది. దాన్ని మళ్లీ వేడినీళ్లలో మెత్తబరిచి అయోడిన్ చుక్కలు వేయగానే, ఆకంతా నీలినలుపుకు తిరుగుతుండగా మధ్యలో ‘అ’ ఒక్కటే లేత గోధుమరంగులో మిగిలింది. ఎండ తగలని చోట పిండి తయారుకాలేదని అప్పుడు ఎవరూ చెప్పవలసిన అవసరం రాలేదు.

ఇంట్లో కూడా చేస్తామని పిల్లలు అడగవచ్చు. స్పిరిట్ ఆవిరికి ఇట్టే నిప్పంటుకుంటుంది గనుక ఆకు ప్రయోగాన్ని దయచేసి ఇంట్లో చేయనివ్వకండి. బడిలో కూడా పొయ్యి ఆర్పిన తరువాతే, టీచరుగారే స్వయంగా స్పిరిట్‌ను వేడినీళ్లలో ఉంచారు. దానికి బదులు, మందుల దుకాణంలో దొరికే టింక్చర్ అయోడిన్‌లో కొద్దిగా నీళ్లు కలిపి, అన్నం మెతుకు మీదా, బంగాళాదుంప ముక్క మీదా, దోసకాయ ముక్క మీదా ఒక్కో చుక్క వేయించండి. ఏది నల్లబడుతుందో ముందుగా చెప్పకండి. ఆ ముక్కలను తరువాత తినకుండా పారవేయించండి. బట్టల మీద పడితే మరక పడుతుంది.

వచ్చే నెల, మొక్క ఎండలో ఆక్సిజన్‌ను విడుదల చేయడాన్ని చూపాలనుకుంటున్నాము. నీటిలో మునిగిన ఆకుల నుంచి వెలుతురులో బుడగలు వస్తాయనీ, చీకట్లో అవి ఆగిపోతాయనీ ఇంగెన్‌హౌజ్ అనే డచ్చి వైద్యుడు 1779లోనే గమనించాడు. దీనికి హైడ్రిల్లా అనే నీటిమొక్క కావాలి. మీ ఊరి చెరువులో అది ఉంటే, పిల్లలను ఒంటరిగా పంపకుండా పెద్దలే నాలుగు కాడలు తెచ్చి, అదే చెరువు నీళ్లు పోసిన సీసాలో వేసి పంపగలరని మనవి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు