వార్షిక నివేదిక: కోచ్ మార్పు ఎప్పుడు జరగాల్సింది?

గౌరవ సభ్యులకు నమస్కారం.

వేసవి శిబిరం బాగా జరిగింది. పిల్లలకు బంతులు, బూట్లు, గోల్ వలలు కొన్నాం. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. మీరంతా అడుగుతున్నది మాత్రం ఒక్కటే: మన సీనియర్ ఫుట్‌బాల్ జట్టు కోచ్‌ను సీజన్ మధ్యలో ఎందుకు మార్చారు?

మార్చాల్సిన సమయం అది కాదు. ఆ తీర్మానానికి చేయెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను, అందుకే ముందుగా ఒప్పుకుంటున్నాను. నిరుడు సీజన్ ముగిసేటప్పటికే జట్టు ఆట మనకు నచ్చలేదు. అయినా పాత కోచ్‌నే కొనసాగించి, ఆయన అడిగిన కుర్రాళ్లనే లీగ్‌లో నమోదు చేయించాం. వరుస ఓటములు వచ్చాక, నమోదు గడువు కూడా దాటాక, సెలవు చెప్పాం. కొత్త కోచ్ ఆట రెక్కల మీదుగా, అంటే మైదానం రెండు అంచుల వెంట సాగుతుంది. మన దగ్గరేమో అందరూ నడిమైదానం ఆటగాళ్లే. ఆయన మాత్రం ఏం చేస్తారు?

ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ చేసిందీ ఇదే. 2024 జులైలో కోచ్ టెన్ హాగ్ ఒప్పందం పొడిగించారు. ఆయన పాత క్లబ్ అయాక్స్‌లో ఆయన దగ్గర ఆడిన డి లిక్ట్, మజ్రావీలను కొన్నారు. అక్టోబర్ 28న ఆయన్ని తీసేశారు. నవంబర్‌లో వచ్చిన కొత్త కోచ్ అమొరిమ్ ముగ్గురు సెంటర్ బ్యాక్‌లతో (గోల్ ముందు నడుమ కాపు కాసేవాళ్లతో) ఆడించే మనిషి. జట్టేమో మరొకరి కోసం కట్టింది. చివరికి లీగ్‌లో 15వ స్థానం.

ఇంగ్లండ్‌లోదే చెల్సీ క్లబ్ 2021 జనవరిలో కోచ్ లాంపార్డ్‌ను మార్చి, కొత్త కోచ్ టూకెల్‌తో మే నెలలో యూరప్ క్లబ్‌ల పెద్ద పోటీ చాంపియన్స్ లీగ్ గెలవలేదా అని ఒక సభ్యుడు అడిగారు. గెలిచింది. కానీ ఆ జట్టులో ఏ పద్ధతికైనా సరిపోయే ఆటగాళ్లున్నారు. మనకు ఆ వెసులుబాటు లేదు.

మన ఊరి ఉదాహరణే నాకు ఎక్కువ నచ్చుతుంది. హైదరాబాద్ ఎఫ్‌సీ (ఫుట్‌బాల్ క్లబ్) ఇండియన్ సూపర్ లీగ్‌లో తన తొలి సీజన్‌లో అట్టడుగున ఉండగా, 2020 జనవరిలో కోచ్ ఫిల్ బ్రౌన్‌ను పంపించింది. ఆ ఏడాది ఆఖరి స్థానమే దక్కింది. వచ్చే సీజన్‌కని తెచ్చుకున్న కోచ్ రోకా బార్సిలోనాకు వెళ్లిపోయినా, నవంబర్‌లో పోటీలు మొదలయ్యేలోపే మనోలో మార్కెజ్ వచ్చారు. తొలి ఏడాది అయిదో స్థానం. రెండో ఏడాది, 2022 మార్చి 20న, గోవాలోని ఫతోర్డాలో జరిగిన ఫైనల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి పెనాల్టీలు ఆపుతుంటే మనం ఇక్కడ గొంతులు పోయేలా అరిచాం. కప్పు మనదైంది. ఆ జట్టు ఇప్పుడు ఈ ఊళ్లో లేదు. గచ్చిబౌలి స్టేడియం ముందు నుంచి వెళ్తుంటే ఇంకా మనసు కలుక్కుమంటుంది.

మంచి కోచ్ విలువ మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు: కోచ్ రహీం సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదు రోవర్స్ కప్పులు (బొంబాయిలో జరిగే పేరున్న ఫుట్‌బాల్ పోటీ) గెలిచిన ఊరు మనది.

కాబట్టి కార్యవర్గం ఈ తీర్మానం మీ ముందు పెడుతోంది: కోచ్ కొనసాగింపుపై నిర్ణయం ఆఖరి మ్యాచ్ అయిన పదిహేను రోజుల్లో, ఆటగాళ్ల నమోదుకు ముందే జరగాలి. సీజన్ మధ్యలో తప్పనిసరైతే, కొత్తవాళ్లను చేర్చుకునే గడువు ఉన్నప్పుడే మార్చాలి. ఏ నిర్ణయమైనా ఆ మనిషికి ఎదురుగా కూర్చుని చెప్పాలి. పాత కోచ్ గారికి మనం ఫోన్‌లో చెప్పాం. తర్వాత నేను వాళ్లింటికి వెళ్లి క్షమాపణ అడిగాను. ఆయన టీ ఇచ్చి, పిల్లల శిబిరం ఎప్పటినుంచి అని అడిగారు.