ఆదివారం మీటింగ్: సంగీతం క్లాసు తల్లిదండ్రులకు

అందరికీ నమస్కారమండీ.

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు సత్యనారాయణపురంలో మన క్లాసు జరిగే హాల్లోనే కలుద్దాం. ఆ రోజు పాఠం ఉండదు. నీనా క్రౌస్ గారి పరిశోధన గురించి మాట్లాడుకుందాం.

ఆవిడ అమెరికాలో, నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో న్యూరోసైంటిస్ట్. చెవిలో పడ్డ శబ్దాన్ని మెదడు ఎలా అందుకుంటుందన్నదే దశాబ్దాలుగా ఆవిడ పని. తల మీద ఎలక్ట్రోడ్లు అంటించి, 'దా' లాంటి ఒక్క అక్షరం వినిపిస్తారు. మెదడు నుంచి వచ్చే విద్యుత్ తరంగం చాలావరకు ఆ శబ్దం ఆకారంలోనే ఉంటుంది! దాన్ని స్పీకర్లో పెట్టి వినొచ్చు కూడా.

మనకు ముఖ్యమైంది ఇది. లాస్ ఏంజెలెస్‌లో పేద పిల్లల మీద ఆవిడ బృందం చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. ఏడాది సంగీతం నేర్చుకున్నాక తేడా కనబడలేదు. రెండేళ్లు నేర్చుకున్న పిల్లల మెదడు మాత్రం మాటల్లోని ధ్వనులను ఇంకా స్పష్టంగా పట్టుకుంది. కాబట్టి, ఆరు నెలలకే మాన్పించేద్దామనుకుంటున్న వాళ్లు దయచేసి తప్పకుండా రండి.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడ పేరు పెట్టండి, కుర్చీలు చూసుకోవాలి. పిల్లల్నీ తీసుకురండి. ప్రశ్నలుంటే ముందే గ్రూపులో రాయండి.

ఏలూరు రోడ్డు మీద సాయంత్రం ట్రాఫిక్ ఎక్కువ, కాస్త ముందే బయల్దేరండి. హాల్లో ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి.