మినహాయింపు పొందిన కానుకతో ఎన్నికల ప్రచారమా?

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో చర్చిలు ఎన్నికల అభ్యర్థులను బలపరచకూడదన్న నిషేధం సడలుతుంటే చాలామంది దాన్ని వాక్స్వాతంత్ర్యానికి దక్కిన విజయంగా భావిస్తున్నారు. నాకు మాత్రం ఇది ముందుగా డబ్బుకు సంబంధించిన విషయంగా కనిపిస్తోంది.

1954లో టెక్సాస్ సెనేటర్ లిండన్ జాన్సన్ పన్ను చట్టానికి ప్రతిపాదించిన సవరణ ప్రకారం, ఆ చట్టంలోని 501(సి)(3) సెక్షన్ కింద పన్ను మినహాయింపు పొందే చర్చి గానీ సేవాసంస్థ గానీ ఏదీ ఫలానా అభ్యర్థిని గెలిపించమని గానీ ఓడించమని గానీ చెప్పకూడదు. పాస్టరు వ్యక్తిగతంగా ఎవరి పక్షాన ప్రచారం చేసినా అభ్యంతరం లేదు; గర్భస్రావం, యుద్ధం, వలస విధానం వంటి వాటిపై ఆరాధనలో ఎంత ఘాటుగా ప్రసంగించినా చట్టం అడ్డుపడదు.

ఈ నిషేధం ఎందుకు అవసరమో న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హాంటన్ ఉదంతం స్పష్టంగా చూపుతుంది. 1992 అధ్యక్ష ఎన్నికలకు నాలుగు రోజుల ముందు అక్కడి ఒక చర్చి బిల్ క్లింటన్‌కు వ్యతిరేకంగా జాతీయ పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు ఇచ్చి, ఆ ఖర్చుకు పన్ను మినహాయింపు వర్తించే విరాళాలు స్వీకరిస్తామని వాటి అడుగునే అచ్చువేసింది. 1995లో ఆ చర్చికి మినహాయింపు రద్దయింది. రాజకీయంగా మాట్లాడదలచుకుంటే అందుకు వేరే సంస్థ పెట్టుకునే దారి ఉందని గుర్తుచేస్తూ, 2000లో అప్పీళ్ల కోర్టు ఆ రద్దును సమర్థించింది. అంటే ఆ చర్చి నోటిని ఎవరూ నొక్కలేదు. ప్రచారానికి ప్రజాధనం నుంచి రాయితీ ఇవ్వబోమని మాత్రమే చెప్పారు.

అమలులో నిలకడ లేదన్న విమర్శ న్యాయమైనదే. 2004 ఎన్నికల ముందు పాసడీనాలోని ఒక చర్చిలో జరిగిన యుద్ధ వ్యతిరేక ప్రసంగంపై ఏళ్ల తరబడి విచారణ సాగించిన పన్నుల శాఖ, అది నిషేధాన్ని అతిక్రమించిందంటూనే ఏ చర్యా లేకుండా 2007లో ముగించింది. ఇలాంటి తీరుకు మందు అందరికీ ఒకేలా అమలు చేయడమే తప్ప నిషేధాన్ని వదిలేయడం కాదు.

అయితే 2025 జులైలో అదే శాఖ టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టుకు, ప్రార్థనా మందిరం తన విశ్వాసులతో ఆరాధన సందర్భంగా అభ్యర్థుల గురించి మాట్లాడటం కుటుంబ సంభాషణ లాంటిదని, అది నిషేధం కిందికి రాదని తెలిపింది. నేను ఒప్పుకోలేకపోతున్నది ఈ పోలికనే. అభ్యర్థికి నేరుగా చందా ఇస్తే పన్ను తగ్గదు, దానికి గరిష్ఠ పరిమితీ ఉంది. అదే సొమ్మును దశమభాగంగా, అంటే ఆదాయంలో పదోవంతు కానుకగా, చర్చికి ఇస్తే మినహాయింపు కోరవచ్చు, పరిమితులూ అంత కఠినంగా ఉండవు. పైగా ఇతర సేవాసంస్థల మాదిరిగా చర్చిలు ఏటా లెక్కల పత్రం దాఖలు చేయనక్కర్లేదు. ఆరాధనలు యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా వస్తున్న ఈ కాలంలో ఆ మాటలు సంఘం గోడల మధ్యే ఆగుతాయని అనుకోవడమూ కష్టం.

మన దేశంలో 1988 నాటి చట్టం మతసంస్థల ప్రాంగణాలను రాజకీయ కార్యకలాపాలకు వాడరాదని, పన్ను ప్రసక్తి లేకుండానే నిషేధించింది. అమెరికాలోని తెలుగు చర్చిలకూ, అక్కడి మన ఆలయాలకూ ఈ సడలింపు సమానంగా వర్తించేదే కాబట్టి, అభ్యర్థుల బృందాలు తలుపు తట్టకముందే, వేదికను గానీ నిధులను గానీ ఏ అభ్యర్థికీ ఇవ్వబోమని వాటి పాలకవర్గాలు తమ నియమావళిలో రాసుకోవాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు