ఆపరేషన్ తేదీ కోసం ఎదురుచూసే వారాలూ చికిత్సలో భాగమే

సంపాదకులకు నమస్కారం.

బరువు తగ్గించే ఆపరేషన్ గురించి వచ్చే కథనాలు ఎక్కువగా ఆపరేషన్ రోజుతో మొదలై, ఎన్ని కిలోలు తగ్గారన్న లెక్కతో ముగుస్తాయి. అంతకుముందు గడిచే రెండు, మూడు నెలల సంగతి వాటిలో కనబడదు. అందుకే ఆస్పత్రికి వచ్చినవాళ్లు వారంలో తేదీ ఇచ్చేస్తారనుకుంటారు. రక్త పరీక్షలు, ఎండోస్కోపీ, నిద్ర పరీక్ష, డైటీషియన్, మానసిక నిపుణులు అని ఒక్కొక్కటే చెబుతుంటే తమను ఊరికే తిప్పుతున్నారనిపిస్తుంది. కొందరు విసిగిపోయి, ఇవేవీ లేకుండా రేపే చేసేస్తామనేవారి దగ్గరికి వెళ్లిపోతారు. ఇలాంటి రోగులను ఆపరేషన్‌కు సిద్ధం చేయడమే మా పని కాబట్టి, ఎందుకు ఆగాలో, ఆగినన్నాళ్లూ ఏం చేయాలో మీ పాఠకులకు వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందుగా కాలేయం. స్లీవ్ (జీర్ణాశయాన్ని చాలావరకు తీసేసి గొట్టంలా చేసేది) అయినా బైపాస్ (గుండెది కాదు, జీర్ణాశయంలో చిన్న సంచిని ఉంచి ఆహారాన్ని దారి మళ్లించేది) అయినా ఇప్పుడు చాలావరకు పొట్ట మీద నాలుగైదు చిన్న గాట్లు పెట్టి, కెమెరా సాయంతో చేస్తారు. జీర్ణాశయం పైభాగాన్ని కాలేయం ఎడమ భాగం కప్పి ఉంటుంది. దాన్ని పక్కకు ఎత్తి పట్టుకుంటే తప్ప సర్జన్‌కు పనిచేసే చోటు కనబడదు. బరువు బాగా ఎక్కువున్నవారిలో కాలేయానికి కొవ్వు పట్టి, అది ఉబ్బి బరువెక్కుతుంది. ఎత్తబోతే చిట్లి రక్తం కారవచ్చు. ఎత్తడానికే వీలుకాకపోతే పెద్ద కోత పెట్టాలి, లేదా ఆపరేషన్‌ను మధ్యలో ఆపేసి కుట్లు వేయాలి. మత్తు తీసుకుని, గాట్లు పడి, పని జరగకుండానే ఇంటికి వెళ్లడం కంటే రెండు వారాలు నోరు కట్టుకోవడం ఎంతో నయం.

అందుకే ఆపరేషన్‌కు ముందు రెండు నుంచి నాలుగు వారాలు ప్రత్యేకమైన ఆహారం ఇస్తారు. సాధారణంగా రోజుకు 800 నుంచి 1000 కేలరీలు, పిండిపదార్థాలు బాగా తక్కువ, ప్రొటీన్ తగినంత. కాలేయం పిండిపదార్థాలను గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. ఆ గ్లైకోజెన్ ఒక్కో గ్రాముకు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తినడం తగ్గగానే ముందు ఈ నిల్వ, దానితోపాటు నీరు పోతాయి. ఆ వెంటే కాలేయంలోని కొవ్వు కరగడం మొదలవుతుంది. కాలేయం కుంచించుకుపోవడం చాలామటుకు తొలి రెండు వారాల్లోనే జరుగుతుంది కాబట్టి ఈ గడువు అంత చిన్నది, అంత గట్టిది. మధ్యలో ఒక్కరోజు కడుపునిండా పిండిపదార్థాలు, తీపి తింటే గ్లైకోజెన్ నిల్వ మళ్లీ నిండడం మొదలవుతుంది. 'ఒక్కరోజేగా' అని డైటీషియన్‌ను అడిగేవారికి మా జవాబు ఇదే.

మొదటి మూడు నాలుగు రోజులే కష్టం. తలనొప్పి, నీరసం, చిరాకు, నోటి దుర్వాసన, మలబద్ధకం రావచ్చు. చాలామందికి ఐదో రోజుకల్లా ఆకలి కాస్త సద్దుమణుగుతుంది. గుండె, కిడ్నీ జబ్బులేమీ లేకపోతే రోజుకు రెండు లీటర్ల దాకా నీళ్లు తాగాలి. ఆ జబ్బులుంటే ఎంత తాగాలో డాక్టరే చెప్పాలి. తొలివారంలో తగ్గే బరువులో ఎక్కువభాగం నీరే. అది చూసి పొంగిపోవద్దు, రెండోవారం ముల్లు నెమ్మదించిందని కుంగిపోవద్దు. వారానికి ఒకసారి, పొద్దున్నే, అదే మెషీన్ మీద చూసుకుంటే చాలు.

ఈ ఆహారంతో నిజమైన ప్రమాదం మందుల దగ్గర ఉంది. దీన్ని మేము ఎన్నిసార్లయినా చెబుతాం. తినేది సగానికి పడిపోయినా ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి షుగర్ మందులు పాత మోతాదులోనే వేసుకుంటే షుగర్ 70 కంటే కిందికి జారిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక వస్తే వెంటనే గ్లూకోజ్ తీసుకుని డాక్టర్‌కు ఫోన్ చేయాలి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవారికి ముప్పు వేరే రకం. ఇవి ఉండగా పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్ల పదార్థాలు) పేరుకుని రక్తం ఆమ్లమవుతుంది. గ్లూకోమీటర్‌లో షుగర్ మామూలుగానే కనబడుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వికారం, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆహారం పడలేదని సర్దుకుపోకుండా ఆస్పత్రికి వెళ్లి కీటోన్లు చూపించుకోవాలి. ఈ మందులను ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపుతారు. తక్కువ కేలరీల ఆహారం మొదలయ్యే రోజునుంచే ఆపాలా అన్నది ఆ ఆహారం రాసిచ్చేటప్పుడే అడిగి తేల్చుకోవాలి. బీపీ మాత్రలు, ముఖ్యంగా నీరు పోయే మాత్రలు, ఇదే సమయంలో ఎక్కువై లేవగానే కళ్లు తిరుగుతాయి. మోతాదు తగ్గించాల్సింది డాక్టరే, రోగి సొంతంగా ఏదీ ఆపకూడదు. బరువు తగ్గడానికి వారానికోసారి ఇంజెక్షన్ తీసుకునేవారు ఆ సంగతి మత్తు డాక్టర్‌కు తప్పక చెప్పాలి. ఆ మందు వల్ల జీర్ణాశయం ఆలస్యంగా ఖాళీ అవుతుంది. మత్తులో ఉండగా లోపలున్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది.

మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ అలవాటైనవారు చాలామంది ఈ ఆపరేషన్‌కు వస్తారు. బైపాస్ తర్వాత అవి పేగు అతికిన చోట పుండ్లు చేస్తాయి. నొప్పికి వేరే దారి ఏమిటో ఈ వారాల్లోనే చూసుకోవాలి. ఆపరేషన్ అయ్యాక మోకాలు నొప్పి పుట్టిన రోజున వెతుక్కోవడం కుదరదు.

పరీక్షలకు ఇన్నాళ్లు ఎందుకు పడుతుందో ఒక్క ఉదాహరణ చూడండి. ఎండోస్కోపీలో జీర్ణాశయంలో పుండ్లు చేసే హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా కనబడిందనుకుందాం. దానికి మామూలుగా 14 రోజులు మందులు వాడాలి. అది పోయిందో లేదో చూసే పరీక్ష మందులు అయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగితేనే నమ్మదగ్గది. ఆ పరీక్షకు రెండు వారాల ముందునుంచి ఎసిడిటీ మాత్రలు మానాలి. ఇక్కడికే నెలన్నర గడిచిపోతుంది. బైపాస్‌లో పైన దాదాపు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని మాత్రమే ఉంచి, మిగతా జీర్ణాశయాన్ని దారి నుంచి తప్పిస్తారు. తర్వాత ఆ మిగిలిన భాగంలోకి మామూలు ఎండోస్కోపీ వెళ్లలేదు. చూడాల్సినదేదో ఇప్పుడే చూడాలి. అదే ఎండోస్కోపీలో ఆహారనాళం ఆమ్లానికి బాగా దెబ్బతిన్నట్టు తేలితే, స్లీవ్ అనుకున్నది బైపాస్‌కు మారవచ్చు. జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం తీసేసి సన్నటి గొట్టంలా చేసే స్లీవ్‌తో గుండెమంట కొందరిలో పెరుగుతుంది.

గురక పెడుతూ, నిద్రలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేవారికి నిద్ర పరీక్ష తప్పనిసరి. మత్తు, నొప్పి తగ్గించే బలమైన మందులు గొంతు కండరాలను ఇంకా సడలిస్తాయి. స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు) ఉందని తేలితే, మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ మెషీన్‌ను కొన్ని వారాలు రోజూ వాడాలి. మాస్కు కొత్తలో ఊపిరాడనట్టుంటుంది. పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకుంటే రాత్రి తేలికవుతుంది. మాస్కు పక్కలనుంచి గాలి పోతుంటే సైజు మార్పించుకోవాలి. ఆపరేషన్‌కు వచ్చేటప్పుడు ఆ మెషీన్‌ను వెంట తెచ్చుకోవాలి.

పొగ తాగేవారు కనీసం ఆరు వారాల ముందు మానేయాలి. నమిలే పొగాకుకూ ఇదే వర్తిస్తుంది. నికోటిన్ రక్తనాళాలను బిగబట్టి కుట్లు మానకుండా చేస్తుంది, అతికిన చోట పుండ్లు తెస్తుంది. రక్తం గడ్డకట్టే ముప్పునూ పొగాకు పెంచుతుంది. దాచినా రక్తంలోనో మూత్రంలోనో కోటినిన్ (నికోటిన్ శరీరంలో మారగా ఏర్పడే పదార్థం) పరీక్ష పట్టేస్తుంది. మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) చాలా ఎక్కువగా ఉన్నా తేదీ వాయిదా పడుతుంది. చాలా బృందాలు అది 8 శాతం లోపు ఉండాలని చూస్తాయి. పేరుకు తగ్గట్టే అది రెండు మూడు నెలల లెక్క, వారంలో తగ్గదు. ఐరన్, బీ12, విటమిన్ డీ లోపాలు స్థూలకాయుల్లో ముందునుంచే ఉండటం మామూలు. ఆపరేషన్ తర్వాత తినేదీ శరీరానికి పట్టేదీ రెండూ తగ్గుతాయి కాబట్టి ఆ లోటును ఇప్పుడే పూడ్చాలి.

ఆడవారికి ఒక మాట. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు రక్తం గడ్డకట్టే ముప్పును పెంచుతాయి. వాటిని సుమారు నెల ముందు ఆపమంటారు. ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. బరువు తగ్గేకొద్దీ, అంతకుముందు నెలసరి సరిగా రానివారికీ గర్భం త్వరగా నిలుస్తుంది. బైపాస్ తర్వాత మాత్రలు సరిగా ఒంటబట్టకపోవచ్చు. అందుకే వేరే పద్ధతిని ముందే ఎంచుకోవాలి.

ఎదురుచూసే కాలంలో ఎక్కువమంది తడబడేది మరోచోట. తేదీ ఖాయమవగానే, ఇక జీవితంలో తినలేమేమోనన్న భయంతో ఇష్టమైనవన్నీ చివరిసారిగా తినడం మొదలుపెడతారు. రెండు వారాల్లో బరువు పెరుగుతుంది, కాలేయం ఉబ్బుతుంది, షుగర్ ఎగబాకుతుంది. దీనికి రోగిని తిట్టడం తప్పు. అది తిండిపోతుతనం కాదు, భయం. ఆ భయాన్ని తీర్చాల్సింది మేమే. ఆపరేషన్ తర్వాత మొదట పల్చటి ద్రవాలు, తర్వాత చిక్కటి ద్రవాలు, ఆ పైన మెత్తగా రుబ్బినవి, మెత్తటివి, సుమారు ఆరు నుంచి ఎనిమిది వారాలకు మామూలు ఆహారం. చాలా పదార్థాలు చిన్న మోతాదుల్లో మళ్లీ పళ్లెంలోకి వస్తాయి. ఈ మాట ముందే విన్నవారు చివరి విందుల జోలికి అంతగా పోరు.

ఈ వారాలను తినే తీరు మార్చుకోవడానికి వాడుకోండి. ముద్ద చిన్నది చేసి, 20 నుంచి 30 సార్లు నమలండి. ఒక్కో పూట భోజనానికి 20 నిమిషాలు పట్టాలి. తింటూ నీళ్లు తాగొద్దు, తిన్నాక అరగంట ఆగండి. ఆపరేషన్ తర్వాత ఒక్కసారిగా గ్లాసుడు నీళ్లు తాగలేరు. మేలుకున్న 15 గంటల్లో గంటకు 100 మిల్లీలీటర్ల చొప్పున గుటక గుటకగా తాగితేనే లీటరున్నర అవుతుంది. అది ఎంత ఓపికతో కూడిన పనో చేసి చూస్తే తెలుస్తుంది. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ కావాలి. గుడ్డులో సుమారు ఆరు గ్రాములు, 200 మిల్లీలీటర్ల పాలలో ఆరేడు గ్రాములు ఉంటాయని లెక్కవేసుకుంటే, లెక్క లేకుండా తింటే ఎంత వెనకబడతామో అర్థమవుతుంది. ఐరన్, కాల్షియం మాత్రలను కలిపి వేసుకోవద్దు, మధ్య రెండు గంటలు ఉండాలి. ఆపరేషన్ తర్వాత విటమిన్లు జీవితాంతం వేసుకోవాల్సినవే. రోజుకు మూడుసార్లు పది నిమిషాల నడక చాలు. స్పైరోమీటర్ (ఊపిరి వ్యాయామానికి వాడే చిన్న పరికరం) ఇస్తే నెమ్మదిగా, లోతుగా లోపలికి పీల్చడం ఇంట్లోనే నేర్చుకోండి. ఆపరేషన్ మర్నాడు నొప్పిలో నేర్చుకోవడం కష్టం.

మానసిక నిపుణుల దగ్గరికి పంపితే పరీక్ష పెడుతున్నారని బెదిరిపోయి, అన్నీ బాగున్నాయని చెప్పేవారున్నారు. రాత్రుళ్లు లేచి తినడం, ఆపుకోలేకుండా తినడం, దిగులు, మద్యం అన్నీ దాచకుండా చెప్పండి. వీటికి చికిత్స ఉంది, చాలాసార్లు ఆపరేషన్‌కు అడ్డు కూడా కావు. మద్యం మాట మరీ ముఖ్యం. బైపాస్ తర్వాత అది త్వరగా, ఎక్కువగా తలకెక్కుతుంది. కొందరిలో కొత్తగా వ్యసనంగా మారుతుంది.

ఆస్పత్రులకూ ఒక మాట చెప్పాలి. అన్ని వాయిదాలూ న్యాయమైనవి కావు. 1991 నాటి నిబంధనల ప్రకారం ఈ ఆపరేషన్‌కు బీఎంఐ (ఎత్తును బట్టి బరువును కొలిచే లెక్క) 40, లేదా జబ్బులుంటే 35 ఉండాల్సి వచ్చేది. 2022లో అంతర్జాతీయ సంఘాలు దాన్ని సవరించి, జబ్బులు లేకున్నా 35, షుగర్ లాంటి జబ్బులుంటే 30 నుంచే ఆలోచించవచ్చన్నాయి. ఆసియా జనాభాకు 27.5 నుంచే ఈ చికిత్సను పరిశీలించవచ్చన్నాయి. ఇన్ని నెలల్లో ఇన్ని కిలోలు తగ్గితేనే డబ్బు చెల్లిస్తామనే బీమా షరతుకు శాస్త్రీయ ఆధారం లేదని ఆ రంగంలోని వైద్యుల సంఘమే చెప్పింది. కాలేయం తగ్గించడానికి రెండు వారాలు ఆపడం వేరు, రోగి పట్టుదలను పరీక్షించడానికి ఆరు నెలలు ఆపడం వేరు. ఆపిన ప్రతిసారీ రోగి మూడు విషయాలు అడగాలి: ఎందుకు ఆపారు, ఏ ఫలితం వస్తే తేదీ ఇస్తారు, ఆ ఫలితాన్ని మళ్లీ ఎప్పుడు చూస్తారు. వీటికి జవాబు కాగితం మీద రాసివ్వడం బృందం బాధ్యత.

చివరి రోజుల్లో దగ్గు, జ్వరం, చర్మం మీద చీముగడ్డ ఏది వచ్చినా దాచవద్దు. ఘనాహారం ఆరు గంటల ముందు, పాలు కలవని తేటద్రవాలు రెండు గంటల ముందు ఆపడం సాధారణ నియమం. మీ మత్తు డాక్టర్ ఇంకా ముందే ఆపమంటే అదే పాటించండి. తక్కువ కేలరీల ఆహారంలో ఉండగా తేదీ వాయిదా పడితే, ఆ ఆహారాన్ని సొంతంగా నెలల తరబడి పొడిగించవద్దు, ఒక్కసారిగా పాత తిండికీ వెళ్లిపోవద్దు. అదే రోజు డైటీషియన్‌కు ఫోన్ చేసి, కొత్త తేదీ దాకా ఏం తినాలో, ఆపిన మందుల్లో ఏవి మళ్లీ మొదలుపెట్టాలో అడిగి రాసుకోండి.

ఇట్లు,
బరువు తగ్గించే ఆపరేషన్లకు రోగులను సిద్ధం చేసే వైద్య బృందం